నడుం దగ్గర వదిలిన గుడ్డ

జూన్ 28

అమ్మడికి,

మిషను ముందు కూర్చున్న మీ నాన్న, చేతికంటిన నూనె తుడుచుకుని, గుండె నిండా సంతోషంతో రాస్తున్న సంగతులు.

ముందు శుభవార్త. మన చిటికె చదివే బడిలో పరీక్ష జరిగింది. చదువు పరీక్ష కాదులే, అదేముంది, బట్టీపడితే ఎవరైనా రాస్తారు. ఇది ఒంటి పరీక్ష. ఒక డాక్టరమ్మా ఒక నర్సమ్మా వచ్చి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఎత్తు చూశారట, బరువు చూశారట, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారట. మర్నాడు ఒక్కొక్కరికీ ఒక కార్డు ఇచ్చి పంపారు. మనదానికి బరువులో తొంభై ఏడు. నూటికి తొంభై ఏడు తల్లీ. నాకు నాలుగో తరగతి లెక్కల్లో ఎన్నొచ్చాయో ఇప్పుడు చెప్పుకోవడం అనవసరం. డిప్లొమాలో నీకెన్నొచ్చాయో కూడా నేను అడగను.

కార్డు మీద వంపు తిరిగిన గీతలున్నాయి. పక్కింటి పిల్లల చుక్కలన్నీ ఆ గీతల మధ్య ఇరుక్కుని ఊపిరాడక ఉంటే, మనదాని చుక్క మాత్రం దర్జాగా అన్నిటికన్నా పై గీత మీద కూర్చుంది. ఎత్తులో ఇరవై అయిదే. ఆ సబ్జెక్టులో కాస్త వెనకబడింది. ఫరవాలేదు, వెనక తలుపుకి ఇనప కడ్డీ బిగించాను, రోజూ కాసేపు వేలాడుతుంది. ట్యూషను అనుకో.

కార్డుకి ఫ్రేము కట్టించి షాపులో అద్దం పక్కన తగిలించాను. వచ్చినవాళ్ళు కొలతలిచ్చేటప్పుడు కళ్ళెదురుగా అదే కనపడాలి. వీధిలో అందరికీ బన్నులు పంచాను. కింది బేకరీ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసి, ఇకనుంచి సాయంత్రం క్రీము బన్ను తన వంతు అన్నాడు. నిజానికి ఏడాది నుంచీ అది ఆయన వంతే, ఇప్పుడు ప్రకటించాడు, అంతే.

నీకు గుర్తుందో లేదో, పుట్టినప్పుడది కిలోన్నర. గాజు పెట్టెలో పడుకోబెట్టారు. నేను టేపు పట్టుకుని వెళితే నర్సు లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి కంటితోనే కొలుచుకుని వచ్చి జేబురుమాలు గుడ్డలో చొక్కా కుట్టాను. అది కూడా వదులైంది. ఇన్నేళ్ళ పనిలో నా కంటి కొలత తప్పింది ఆ ఒక్కసారే. చిటికెడు పిల్ల కదా అని చిటికె అన్నాం. ఇప్పుడా పేరు పిలిస్తే కొత్తవాళ్ళు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూస్తున్నారు.

మీరిద్దరూ వంతెన పనికి వెళ్ళి పిల్లని నాకు అప్పజెప్పిన ఈ ఏడాదిన్నరలో యూనిఫారం స్కర్టు నడుం మూడుసార్లు విప్పి వదులు చేశాను. నా కుట్టులో నడుం లోపల మడిచి ఎంత గుడ్డ వదులుతానో నీకు తెలుసు. కొన్న బట్టయితే పిల్ల ఊపిరాడక ఏడ్చేది. మన దగ్గర పెరగడానికి చోటుంది.

డాక్టరమ్మ ఒక చీటీ కూడా పంపింది, పెద్దవాళ్ళు వచ్చి కలవాలట. సన్మానం లాంటిదేదో పెట్టినట్టున్నారు. కోటు ఇస్త్రీ చేస్తున్నాను.

అల్లుడిని క్రేను మీద జాగ్రత్తగా ఉండమను.

తొంభై ఏడు మార్కుల పిల్లకి సొంత తాత


జూలై 9

నాన్నకి,

నీ ఉత్తరం ఆయన క్రేను పైకి తీసుకెళ్ళి చదివారు. కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. ముందు నవ్వి, తర్వాత ఏం చెయ్యాలో తెలియక అక్కడే కూర్చున్నారట.

నాన్నా, అవి మార్కులు కావు. వందమంది అదే వయసు ఆడపిల్లల్ని తేలికైనవాళ్ళ నుంచి బరువైనవాళ్ళ దాకా వరసగా నిలబెడితే, మనదాని కన్నా తేలికగా తొంభై ఏడుగురు ఉంటారని దానర్థం. ఎత్తు ప్రకారం నిలబెడితే దాని కన్నా పొట్టివాళ్ళు ఇరవై అయిదుగురే. అంటే పొడుగు తక్కువ, బరువు ఎక్కువ. దీన్ని నువ్వు ఫ్రేము కట్టించి, దీపం ఒక్కటే తక్కువగా, గోడకి తగిలించావు. నాలుగు టైర్ల బండి మీద పది టైర్ల సరుకెక్కించి ఊరేగిస్తున్నావు.

ఇక్కడ నా పని కాంక్రీటు దిమ్మల్ని మరలో పెట్టి, పగిలేదాకా బరువు మోపడం. పగలబోయే దిమ్మ ముందు రోజు చూస్తే ఎంత అందంగా ఉంటుందనుకున్నావు. చీలిక లోపల మొదలవుతుంది. పిల్లల గుండె, రక్తనాళాలు కూడా అంతేనని మా కాంపు డాక్టరు చెప్పారు. ఎత్తుకి మించిన బరువు మోసే పిల్లకి ఈ రోజు ఏ నొప్పీ ఉండదు, బుగ్గలు నిగనిగలాడతాయి, తాతలు బన్నులు పంచుతారు. లోపల మాత్రం రక్తపోటు, రక్తంలో కొవ్వు, చక్కెర ఒక్కో మెట్టూ ఎక్కుతుంటాయి. పైగా మరీ చిన్నగా పుట్టి, తర్వాత గబగబా లావెక్కిన పిల్లల్ని ఇంకా కనిపెట్టి చూడాలట. నువ్వు ఏ గాజు పెట్టె తలుచుకుని మురిసిపోతున్నావో, ఆ డాక్టరమ్మ అదే తలుచుకుని కంగారుపడుతుంది.

అది సన్మానం కాదు. వెళ్ళు. కోటు వేసుకునే వెళ్ళు, అభ్యంతరం లేదు. ఆవిడ ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయి, నీ కుట్టుపని చెయ్యకుండా. బేకరీ ఆయన కన్నీళ్ళు బన్నుల్లో కాకుండా ఇంకెక్కడైనా తుడుచుకోమను.

నీ కూతురు


జూలై 22

అమ్మడికి,

కోటు వేసుకుని వెళ్ళి, పరువు పోగొట్టుకోకుండా తిరిగొచ్చిన మీ నాన్న రాసేది. నీ అక్షరాలు ఈమధ్య చీమల బారులా ఉంటున్నాయి. కాగితం కరువైతే చెప్పు, పంపిస్తాను.

మార్కులు కావన్నావు, సరే. ఫ్రేము దించాను. గోడ మీద ఆ చోటు తెల్లగా మిగిలిపోయి అందరూ ఏమైందని అడుగుతున్నారు.

ఇక ఆసుపత్రి సంగతి. నీ ఉత్తరం విన్నాక నేను బాగా ఆలోచించాను. వాళ్ళ గొడవంతా ఎత్తుకీ బరువుకీ పొత్తు కుదరలేదనే కదా. కొలతలు కుదరనప్పుడు ఏం చెయ్యాలో నాకు ఇంకొకరు నేర్పక్కర్లేదు. నిలువు చారల గుడ్డ తీసుకుని, ఒక్క కుచ్చు లేకుండా, గౌను కుట్టాను. నిలువు చారల్లో ఎవరైనా సన్నగా పొడుగ్గా కనిపిస్తారు, పెళ్ళిళ్ళకి ఎన్ని పొట్టల్ని మాయం చేశానో ఈ చేతులకి తెలుసు. బూట్లకి అడుగున రెండు పొరల తోలు వేయించాను. అద్దంలో చూస్తే చిటికె కొబ్బరిచెట్టు.

డాక్టరమ్మ గది చిన్నది. గోడకి జిరాఫీ బొమ్మ, దాని మెడ పొడవునా అంకెలు. మనదాన్ని అలా చూసి, బూట్లు విప్పమంది. తర్వాత గౌను చారలు వేలితో రాసి చూసి, "కుట్టు చాలా బాగుంది తాతగారూ, నాకూ ఒకటి కావాలి. కానీ గుండెకి చారలు కనపడవు" అంది. మనిషి సూదిలా ఉంది, మాట కూడా అంతే.

తర్వాత నన్ను అవమానించింది. ఒక దారం తీసుకుని చిటికె ఎత్తుకి సరిగ్గా తెంపి, దాన్ని సగానికి మడిచి, దాని నడుముకి చుట్టింది. నా ముందు. నేను టేపు మెళ్ళో వేసుకుని నిలబడి ఉండగా. నడుము ఎత్తులో సగం దాటకూడదట, దారం రెండు కొసలూ కలవాలట. కలవలేదు. రెండు వేళ్ళ ఎడం మిగిలింది. దారం తడిసి కుంచించుకుపోయిందేమోనని నేనన్నాను.

చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది, రెండుసార్లు. అదేదో కాస్త ఎక్కువట. కొత్తచోట ఎవరి గుండె కొట్టుకోదు చెప్పు. రక్తం కూడా తీశారు. ఆ ఫలితాలు మీ కాంపు చిరునామాకే పంపమన్నాను, ఆ అంకెలేవో నువ్వే చూసుకో.

కానీ చివర్లో గెలిచింది మనమే. మరి ఇప్పుడు బరువు తగ్గించాలా అని గట్టిగా అడిగాను. ఆవిడ స్వయంగా, తన నోటితో, "తగ్గించక్కర్లేదు. పెరిగే పిల్ల. బరువు ఉన్నచోట ఆగితే చాలు, ఎత్తు వచ్చి అందుకుంటుంది" అంది. విన్నావా. నేను మొదటినుంచీ చెబుతున్నదేమిటి, లోపం ఎత్తులో ఉందనే కదా. దేవుడు వెడల్పు ముందిచ్చాడు, పొడవు వెనక వస్తోంది. అనవసరంగా నువ్వు దిమ్మలనీ పగుళ్ళనీ భయపెట్టావు.

బన్నులు మానిపించాను, నీ మాట తీసెయ్యలేక. బదులు పళ్ళరసం, కూజా నిండా, తేనె వేసి, పూటపూటకీ. పండు కూడా తప్పంటే లోకంలో ఇక ఒప్పేదీ లేదు. స్కర్టు నడుం ఇంకొక్క కుట్టు వదిలాను, వానాకాలం గుడ్డ బిగుసుకుంటుంది.

గెలిచిన నాన్న


ఆగస్టు 3

నాన్నకి,

నీ గెలుపు వార్తా, డాక్టరమ్మ ఉత్తరమూ ఒకే సంచిలో వచ్చాయి. రెండూ ఒకే పిల్ల గురించని నమ్మడం కష్టమైంది.

కొత్తచోట గుండె కొట్టుకోవడం కాదది. పిల్లల రక్తపోటుకి వాళ్ళ వయసునీ ఎత్తునీ బట్టి గీత ఉంటుంది. బడిలోనూ గదిలోనూ, చూసిన ప్రతిసారీ మనదానిది ఆ గీత దాటింది. రక్తంలో చెడ్డ కొవ్వు ఉండాల్సినదాని కన్నా ఎక్కువ. చక్కెర ఇంకా దాటలేదు, గడప మీద నిలబడి ఉంది. నువ్వు దానికి కూజా నిండా పళ్ళరసం పోసి, తేనె వేసి, లోపలికి రమ్మని పిలుస్తున్నావు. పండు కొరికి తినడం వేరు, నాలుగు పళ్ళు పిండి తాగించడం వేరు. ఆగడమంటే ఆగడం నాన్నా, వేరే తలుపులోంచి వెళ్ళడం కాదు.

వానాకాలం గుడ్డ బిగుసుకుంటుందట. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి చెప్పాల్సిన మాటేనా. అది నింపుకుంటూ పోవడానికి గోతాం కాదు. మూతి దగ్గర కుట్లు విప్పుకుంటూ పోతే ఎంతైనా పడుతుందని నువ్వు అనుకుంటున్నావు.

నేనిది రాయకూడదనుకున్నాను. అమ్మకి కూడా నువ్వు ఇలాగే చేశావు. ఆవిడ బట్టలన్నీ నువ్వు కుట్టినవే. ఒక్కసారీ బిగుతు కాలేదు. తను నిద్రపోయాక విప్పి, వదులు చేసి, మళ్ళీ అలమరలో పెట్టేవాడివి, నొచ్చుకుంటుందని. షుగరు వచ్చిందనీ గుండె అలిసిందనీ ఆవిడకి దేనివల్ల తెలిసింది? ఆసుపత్రిలో వాళ్ళ గౌను తొడిగితే పట్టలేదు. అప్పుడు తెలిసింది.

డిసెంబరులో డాక్టరమ్మ మళ్ళీ చూస్తానంది. అప్పటికీ దారం కొసలు ఇలాగే ఉంటే పిల్లని మా ఆడపడుచు దగ్గర ఉంచి చదివిస్తాం. ఆవిడంటే నీకు పడదని తెలుసు. ఆవిడకి కుట్టుపని రాదు, అదే నాకు కావలసింది.

నీ కూతురు


ఆగస్టు 12

అమ్మాయికి,

ఈసారి పలకరింపులు లేవు.

నీ అక్షరాలు చీమల్లా ఉన్నాయని రాశాను కదా. నాకిప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటేనే భూతద్దం కావాలి. నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది ఎవరనుకున్నావు?

బళ్ళో పాఠం చదివినట్టు నిలబడి, ఒక్క మాట వదలకుండా చదివింది. పది టైర్ల సరుకు ఉత్తరం కూడా అదే చదివింది. అప్పుడు నవ్వింది. ఈసారి గోతాం దగ్గర ఆగి, "తాతా, గోతాం అంటే నేనేనా" అని అడిగింది. కాదు, అది మిషను గురించి అన్నాను. నమ్మినట్టు తల ఊపి మిగతాది చదివింది. అమ్మమ్మ గౌను సంగతీ, మీ ఆడపడుచు సంగతీ, అన్నీ.

మర్నాటి నుంచి బడికి పట్టుకెళ్ళిన డబ్బా ఖాళీగా వస్తోంది. సంతోషించాను. ఆ అన్నమంతా బడి వెనక కుక్కకి పెడుతోందట. పొద్దున ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది. టీచరమ్మ ఎత్తుకుని తెచ్చింది. ఇంటికొచ్చాక, ఆకలి లేదు తాతా అని, మెళ్ళో ఉన్న నా టేపు తీసుకుని నడుముకి చుట్టుకుని చూసుకుంది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. ఫరవాలేదంది. ఇక ఏం చెయ్యాలో నాకు మాత్రం చెప్పలేదు, నీకు ఉత్తరం రాయమంది.

మీ అమ్మ బట్టల గురించి నేనేమీ రాయను.

మిషను ఇవాళ తెరవలేదు.

నాన్న


ఆగస్టు 20

నాన్నా,

అక్షరాలు పెద్దవి చేశాను. ఇది భూతద్దంతో నువ్వే చదువుకో. కింద గీత గీసిన దగ్గరినుంచి చిటికెని చదవమను.

నాకు సెలవు దొరకలేదు. స్తంభానికి కాంక్రీటు పోస్తున్నారు, మధ్యలో ఆపితే అతుకు పడుతుందని ఇంజనీరు వదలలేదు. ఇక్కడ ఒక్క దిమ్మ పగిలితే నలుగురం చుట్టూ చేరి ఎందుకు పగిలిందని రాత్రిదాకా మాట్లాడుకుంటాం. అక్కడ నేనే మర తిప్పాను. నీమీద గెలవాలని రాశాను నాన్నా. వెటకారం మన ఇంట్లో నువ్వు నేర్పిన విద్యే కానీ, నువ్వు దాన్ని పిల్లల మీద వాడవు. నేను వాడాను.

డాక్టరమ్మకి ఫోను చేశాను, సిగ్నలు కోసం కొండెక్కి. ఆకలితో మాడ్చడం అన్నిటికన్నా చెడ్డదట. పిల్ల ముందు లావు మాటే ఎత్తొద్దంది. దానికొక్కదానికి వేరే వంట వద్దు, ఇంట్లో అందరూ అదే తినాలి, అందరూ అటూ ఇటూ తిరగాలి. అందరూ అంటే నువ్వు.

———

చిటికే, ఇది నీకు. నువ్వు గోతానివి కాదు, బండివీ కాదు. అమ్మా తాతా పోట్లాడుకుంటూ చేతికందిన మాట విసురుకుంటుంటే అది వచ్చి నీకు తగిలింది. తప్పు విసిరినవాళ్ళది.

నువ్వు పుట్టినప్పుడు మేమందరం అద్దం దగ్గర నిలబడి, లావవ్వమ్మా, లావవ్వమ్మా అని రోజూ బతిమాలుకున్నాం. నువ్వు మా మాట విన్నావు. అంతే జరిగింది. ఇప్పుడు నీ గుండె కాస్త తేలిగ్గా పరిగెత్తాలి. అది నీ ఒక్కదాని పని కాదు, మా అందరిదీ. డబ్బా పూర్తిగా తిను. ఆ కుక్కకి నా పేరు చెప్పి క్షమించమను.

డిసెంబరులో ఏమవుతుందని తాతని అడగకు. కొలిచేది డాక్టరమ్మ. ఎక్కడ ఉండాలో నిన్ను అడిగే నిర్ణయిస్తాం.

అమ్మ


అక్టోబరు 15

అమ్మడికి,

నీ పెద్ద అక్షరాల ఉత్తరం గోడ మీద తెల్లమచ్చ ఉన్నచోట ఫ్రేము కట్టించి పెడదామనుకున్నాను. చిటికె వద్దంది. దిండు కింద పెట్టుకుంది.

ఇక్కడ రాజ్యం మారిపోయింది, ఏమని రాయను. డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ పిలిచి కూర్చోబెట్టి, తాతగారూ మీరు చెయ్యి చాపండి అంది. నాకెందుకమ్మా, పేషెంటు అది కదా అంటే, సరదాకి అంది. సరదాకి పట్టీ చుట్టి, సరదాకి నాకు రెండు రకాల మాత్రలు రాసింది. నా ఎత్తుకి దారం తెంపి సగం మడిచి నా నడుముకి చుడితే కొసలు ఒకదాన్నొకటి చూసుకునే దూరంలో కూడా లేవు. చిటికె పడీపడీ నవ్వింది. ఆగస్టు తర్వాత అది అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకాస్త పొట్ట పెంచినా తప్పులేదనిపించింది, ఆవిడతో అనలేదులే.

ఇప్పుడు బడికి రిక్షా లేదు. ఇద్దరం నడుస్తున్నాం. అది ముందు, నేను వెనక. మలుపు దగ్గర ఆగి, "తాతా, నీ చుక్క ఏ గీత మీదుంది" అని అడుగుతుంది. వెటకారం మూడో తరానికి కూడా అందింది, దిగులుపడకు. కాజాలు కుట్టేటప్పుడు బొత్తాలడబ్బా మేడ మీదే పెట్టి కావలసినప్పుడల్లా చిటికెని పైకి పంపేవాణ్ణి. నా తెలివి కనిపెట్టి, ఇప్పుడు ఒకసారి తను, ఒకసారి నేను అని ఒప్పందం రాయించుకుంది. పాత టేపులు పేని తాడు చేశాను, వీధి పిల్లలంతా షాపు ముందు దాంతోనే గెంతుతున్నారు. గిరాకీలు లోపలికి రావాలంటే గెంతుకుంటూ రావాలి.

పళ్ళరసం మానేసి పండే ఇస్తున్నాను. చిటికె కూజాలో మంచినీళ్ళు పోసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చూస్తుంటుంది. వంటింట్లో వేపుడు మూకుడు బోర్లించాను. ఇంతకాలానికి కూరగాయలకి వాటి సొంత రుచి ఉందని తెలిసింది. అంత గొప్ప రుచేమీ కాదు, అలవాటైపోతోంది.

బేకరీ ఆయన ముందు అలిగాడు. పిల్లకి బన్ను వద్దంటే తన నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు చూశాడు. ఒకరోజు ఆయన నడుముకి కూడా దారం చుట్టాను. ఆయన దారానికి నా దారం అతికితే కానీ చుట్టు పూర్తి కాలేదు. అప్పటినుంచి ఆయనా మా వెనక నడుస్తున్నాడు. పొద్దున్నే మా ఊరేగింపు చూడాలి తల్లీ.

మీ ఆడపడుచు ఒక పుస్తకం పంపింది, ఏం తినకూడదో మూడొందల పేజీలు. మిషను కాలు ఎగుడుదిగుడుగా ఉంటే కింద పెట్టాను, సరిగ్గా సరిపోయింది. ఆవిడకి నా కృతజ్ఞతలు.

స్కర్టు నడుం ముట్టుకోలేదు. ముట్టుకోవాలనిపించింది ఒకసారి, మేడ ఎక్కినప్పుడు కాస్త బిగుతుగా ఉందంది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. మీ అమ్మ ఫోటో వైపు చూసి అవతల పెట్టాను. బిగుతుగా ఉందా, అయితే ఇంకో మలుపు ఎక్కువ నడుద్దాం అన్నాను. అంతే.

డిసెంబరు తలుచుకుంటే మాత్రం గుండె టకటకమంటోంది. అది మాత్రలకి లొంగేది కాదు.

నడుస్తున్న నాన్న


డిసెంబరు 17

అమ్మడికీ, అల్లుడికీ, వీలైతే ఆ వంతెనకి కూడా,

చదువుతూ క్రేను మీద ఉంటే కిందికి దిగండి. నేనింత సంతోషంతో ఎప్పుడూ రాయలేదు. పాళీ కాగితం మీద ఆగడం లేదు.

డాక్టరమ్మ గదికి వెళ్ళాం. మామూలు గౌను, మామూలు బూట్లు. అడక్కముందే చిటికె బూట్లు విప్పి జిరాఫీ దగ్గర నిలబడింది. దాని మెడ మీద పాత గీత కన్నా చిటికె తల పైన ఉంది. తర్వాత బరువు చూశారు. ముల్లు దాదాపు పాతచోటే ఆగింది. ఆగడమంటే ఎంత అందంగా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది. చుక్క పై గీత మీంచి దిగి కింది సందులోకి వచ్చింది, తొంభై మూడట. మార్కులు తగ్గినందుకు బన్నులు పంచలేకపోయాను, బేకరీ ఆయనే వద్దన్నాడు.

రక్తపోటు గీత లోపలికి వచ్చింది. కొవ్వు తగ్గింది. చక్కెర గడప మీంచి ఒక అడుగు వెనక్కి వేసింది కానీ, ఇంకా వీధిలోనే ఉందట, తలుపు వేసే ఉంచమంది. ఇది పెద్దయ్యేదాకా చూసుకోవలసిన పని, ఒక్క డిసెంబరుతో పోదు అంది. నేనెక్కడికీ వెళ్ళడం లేదుగా అన్నాను. మీరు కూడా మాత్రలు వేసుకుంటేనే అంది. మనిషి సూదే, కానీ సరిగ్గా కుట్టే సూది.

చివరికి దారం తీసింది. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. "తాతా, చూడు" అంది చిటికె. రెండు కొసలూ తగిలాయి. ముడి పడేంత లేదు, ముట్టుకున్నాయి అంతే. నేను కోటు జేబులో రుమాలు వెతుక్కుంటుంటే డాక్టరమ్మ తన గుడ్డముక్క ఇచ్చింది.

బయటికొచ్చాక, నువ్వు చెప్పినట్టే, ఎక్కడ ఉంటావని దాన్నే అడిగాను. అత్త ఇంట్లో మేడ ఉందా అంది. లేదన్నాను. మరి బొత్తాలు ఎవరు తెస్తారు అంది. ఇంతకన్నా ఏం కావాలో చెప్పు. మీ ఆడపడుచుకి ఆ కబురు మర్యాదగా అందించు, పుస్తకం మాత్రం తిరిగి అడగొద్దను, మిషను కుంటుతుంది.

ఇంటికి రాగానే ఒక పని చేశాను. కొత్త యూనిఫారం కత్తిరించాను. కింద మడతలో నిండుగా గుడ్డ వదిలాను, ఎంత పొడుగైనా దింపుకోవచ్చు. నడుం దగ్గర వదలలేదు. పాత స్కర్టులో మిగిలినదీ, ఈ మధ్య కుట్టిన గౌన్లలో దాచి ఉంచినదీ, నడుం లోపలి గుడ్డంతా కత్తిరించేశాను. అలమరలో మీ అమ్మ జాకెట్టు ఒకటుంది, లోపల ఇంకా వదులు చెయ్యడానికి మిగిలిన గుడ్డతో. దాన్నీ కత్తిరించాను. కుట్టుపని నేర్చుకున్నాక గుడ్డ వదలకుండా కత్తిరించడం నాకిదే మొదటిసారి.

ఆ పీలికలన్నీ అతికి ఒకే పట్టీ కుట్టాను. ఈ కవర్లో ఉన్నది అదే. ఉత్తరం లావుగా ఉందని పోస్టాఫీసులో అనుమానంగా చూశారు. నీ పెళ్ళిబట్టలు కుట్టింది నేనే కనక నీ ఎత్తు నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా దాంట్లో సగానికి తెంపాను. కాంపు క్యాంటీను తిండి మీద ఈమధ్య ఉత్తరాల్లో నువ్వు రాసిన మెప్పులన్నీ చిటికె నాకు చదివి వినిపించే ఉంది.

నడుముకి చుట్టుకో. చారల చీర కట్టుకుని మోసం చెయ్యొద్దు. కొసలు కలిశాయో లేదో ఉన్నదున్నట్టు రాయి. కలవకపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు, మీ ఆడపడుచు ఇంట్లో ఒక మంచం ఖాళీగానే ఉంది.

నీ జవాబు పెద్ద అక్షరాలతో రాయి. చదివేది చిటికె, వినేది వీధంతా.

నాన్న